ఇరవై ఎనిమిదో దారం

అమ్మ పొద్దున్నుంచీ మగ్గం గదిలో నేల మీదే కూర్చుని ఉంది. ఎదురుగా పొట్ట కోసిన దిండొకటి. అందులో కూరిన దారపు ముక్కల్ని ఒక్కొక్కటే బయటికి లాగి, వేళ్ళతో సాపు చేసి, పక్కపక్కన పేరుస్తోంది. తెల్లవి ఒక వైపు, నీలివి ఒక వైపు. అన్నీ జానెడేసి ముక్కలు.

"అమ్మా, లే. టీ మళ్ళీ వేడి చేసి తెచ్చాను," అంది కూతురు గుమ్మంలో నిలబడి.

అమ్మ ఇంకో నీలి ముక్క బయటికి లాగింది.

"ఇది మూడోసారి."

"నాలుగోసారి కూడా చెయ్యి. నిన్నెవరు వద్దన్నారు?" అంది అమ్మ తలెత్తకుండానే.

కూతురికి కాస్త ప్రాణం లేచొచ్చింది. అమ్మ మాట విసిరిందంటే మరీ మించిపోలేదన్నమాట. ఆవిడ నిజంగా కోపగించుకుంటే మాట్లాడదు. నిన్న సాయంత్రం నుంచి ఈ క్షణం దాకా మాట్లాడలేదు.

ఈ కూతుర్ని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. పెద్దదానా అని పిలిచేది అమ్మ ఒక్కతే. ఏడాదిగా ఈ ఇంటిని వీధిలో అందరూ వచ్చి పని చేసుకునే పనిల్లు చెయ్యాలని తిరుగుతున్నది ఈమే. ముందు గదిలో మూడు కుట్టు మిషన్లు, ఒక పెద్ద రఫ్ఫు బల్ల పెట్టించింది. ఆ బల్ల దగ్గరే రిటైరైన పోస్టుమాన్ తన మేజోళ్ళ చిల్లులు తనే పూడ్చుకోవడం నేర్చుకుని, ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ మేజోళ్ళన్నీ అడిగి మరీ పట్టుకొస్తున్నాడు. పెరట్లో రెండు రంగు కాగులున్నాయి. హోటల్ వాళ్ళు పారేసే ఉల్లిపొట్టు బస్తాలకొద్దీ వచ్చి అక్కడ ఉడుకుతుంది. ఆ నీళ్ళు చల్లారాక మొక్కలకు పోతాయి. ఎదర గోడ మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క నియమం రాయించింది. 'ఇక్కడ ఏదీ చెత్త కాదు.'

కొంప ముంచింది ఆ నియమమే.

"పోనీ, నన్ను నాలుగు తిట్టక్కా," అన్న గొంతు వెనక మెట్ల మీద నుంచి వినిపించింది. "తిట్టేస్తే నీకూ తేలికవుతుంది, నాకూ తేలికవుతుంది."

అది పిన్ని. అమ్మకు స్వయానా చెల్లెలు. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. కంటికి కనబడిన ప్రతిదాన్నీ కడుగుతుంది. సబ్బు పిన్ని అని పేరు పెట్టింది చిన్నప్పుడు ఈ ఇంటి పిల్లలే. ఆవిడ దాన్ని బిరుదులాగే మోస్తోంది.

"నిన్నేం తిట్టనే," అంది అమ్మ. "నువ్వు శుభ్రం చేశావు. చేశావు కదా. వెళ్ళి పడుకో."

"ఆదివారం పనిల్లు తెరుస్తున్నారు, జనం వస్తారు, మగ్గానికి ఆ మాసిన కొసలేంటి పీలికల్లా అనుకున్నాను. నాకేం తెలుసక్కా? కత్తిరించి, చట్రాలన్నీ ఊడదీసి కడిగి, ఎండలో పెట్టాను. కొసలు పారేద్దామనుకుంటే గోడ మీద అక్షరాలు కనబడ్డాయి. అందుకే దిండులో కూరాను. నేనేం పారేశానా?"

"లేదు. ఒక్కటీ పోలేదు. దారాలన్నీ ఉన్నాయి. వరసే పోయింది," అంది అమ్మ.

పిన్ని ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. టైలరమ్మ టీ గ్లాసు కింద పెట్టి తనూ అమ్మ పక్కన కూలబడింది. ఎవరి వైపు మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. నిన్నటి నుంచి ఇద్దరి మధ్యా నలిగిపోతోంది.

నేతపని తెలిసిన వాళ్ళకు ఈ ఏడుపు చెప్పక్కర్లేదు. దుప్పటి పూర్తయ్యాక నిలువు దారాల పడుగంతా కోసెయ్యరు. జానెడు కొసలు మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగు దారాల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా ముడేసి లాగితే, ఏ దారం ఏ చట్రంలో, సూది బెజ్జం లాంటి ఏ కంట్లోంచి పోవాలో ఆ కంట్లోంచే తనంతట తాను పోతుంది. మళ్ళీ మొదట్నుంచి దూర్చే పని ఉండదు. నాన్న పద్దెనిమిదేళ్ళు అలాగే అతుక్కుంటూ వచ్చాడు. చినుకులు పడ్డట్టుండే తన చినుకు దుప్పటి వరస ఎక్కడా రాసిపెట్టలేదు. ఎందుకు రాయలేదంటే, మగ్గంలోనే ఉంది కదా అనేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇంట్లో మిగిలిన ఒక్క చినుకు దుప్పటీ ఆయన మీద కప్పే పంపారు.

"వీధిలో ఎవరి దగ్గరైనా ఒకటి ఉండదా అని పొద్దున్నే తిరిగానమ్మా," అంది టైలరమ్మ. "చివరింటావిడ దగ్గర దొరికింది. కానీ దాన్ని స్టవ్వు తుడవడానికి వాడుతోంది. అరచేతిలో సగం ముక్క. అందులో చినుకే కనబడట్లేదు."

"ఆవిడా పారెయ్యలేదు చూడు. మీ నియమం అందరికీ బాగా ఎక్కింది."

టైలరమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని పెదవి కొరుక్కుంది.

అమ్మ చేతుల్లోని దారాలు కింద పెట్టేసింది. మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"పెద్దదానా, నేనేం చెప్పానో గుర్తుందిగా?"

"గుర్తుంది."

"చెప్పు."

"అమ్మా..."

"చెప్పవే."

"ఇల్లు వీధికిస్తానన్నావు. మొదటి రోజు మగ్గం మీద నాన్న చినుకు దుప్పటి నడవాలన్నావు."

"నడవకపోతే?"

టైలరమ్మ టీ గ్లాసు తీసుకుని లేచింది.

"నడవకపోతే ఇది నా ఇల్లు. వచ్చినవాళ్ళు రావచ్చు, టీ తాగి పోవచ్చు. ఆయన కూర్చున్న చోట ఇంకేదో మొదలుపెడితే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. వీళ్ళందరూ వచ్చి వాళ్ళ వాళ్ళ పనులు చేసుకుంటారు. ఆయన పని ఎవరు చేస్తున్నట్టు?" అమ్మ గుమ్మం వైపు నడిచింది. "ఆదివారం ఎవర్నీ రమ్మనకు."

కూతుర్ని బయటికి నడిపించి, గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. టైలరమ్మ ఆ తాళం వైపే చూస్తూ నిలబడింది. ఏడాది పాటు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో ఆమెకే తెలుసు. ఇవాళ బుధవారం. వరస చేతిలో ఉన్నా, పన్నెండు వందల దారాలు దూర్చడానికే నాలుగు రోజులు పడుతుంది.

* * *

మధ్యాహ్నం టైలరమ్మ తమ్ముడు వచ్చాడు.

బస్సుల షెడ్డులో మెకానిక్. చెవి విరిగిన రంగు కాగుకు అతుకు పెట్టించి, దానికొక ఇనుప స్టాండు కూడా చేయించి ఆటోలో వేసుకొచ్చాడు. ఎప్పటిలాగే పెరటి దారిన వచ్చి, ఎప్పటిలాగే వెనక మెట్టు మీద కూర్చున్నాడు. వారం తప్పకుండా వస్తాడు, అమ్మ పెట్టింది తింటాడు, పిన్నిని ఏడిపిస్తాడు. ఇంట్లోకి మాత్రం రాడు. చేతులకు గ్రీజంటాడు. పండగ బట్టలేసుకుని వచ్చిన రోజు కూడా గ్రీజే అన్నాడు.

"ఏంటి పిన్నీ, ఇవాళ నన్ను కడగలేదేంటి? జ్వరమా?"

పిన్ని మొహం అటు తిప్పుకుంది.

"అక్కా, ఏమైంది?"

టైలరమ్మ చెప్పింది. దాచకుండా మొత్తం చెప్పింది. అతను స్టాండు కాళ్ళకు నట్లు పట్టిస్తూ విన్నాడు. కొసలు కత్తిరించిన దగ్గరికి వచ్చేసరికి పానా ఆగింది. మళ్ళీ తిరిగింది.

"పోతే పోయింది," అన్నాడు. "మామూలు గళ్ళు నెయ్యండి. జనానికి తేడా తెలుస్తుందా ఏంటి?"

"అమ్మకి తెలుస్తుంది."

అతను ఇంకో నట్టు తీసుకున్నాడు.

"నువ్వు చిన్నప్పుడు నాన్న దగ్గర కూర్చునేవాడివి కదరా. దారం అందించేవాడివి. నీకేమైనా గుర్తుందా?"

"లేదు."

"కొంచెమైనా?"

"ఇరవై ఏళ్ళక్కా. పదహారో ఏట వదిలేశాను. ఇప్పుడు నా బుర్రలో ఉన్నదంతా బ్రేకులూ బేరింగులూ." నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. "అయినా ఆ పని నాకు రాదని ఆయనే చెప్పాడు."

అసలు ఆ రోజు ఏం జరిగిందో టైలరమ్మకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అప్పుడు తను వేరే ఊళ్ళో కుట్టుపని నేర్చుకుంటోంది. తిరిగొచ్చేసరికి వీడు షెడ్డులో చేరిపోయాడు. నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. అమ్మని అడిగితే పప్పు మాడిపోతోందని వెళ్ళేది. ఈ ఇంట్లో ఆ ఒక్క విషయం మీద అందరూ కూడబలుక్కున్నట్టు నోరు కట్టేసుకున్నారు. ఆమెకు ఇద్దరి మీదా జాలి, ఇద్దరి మీదా కోపం.

ఇంక అడగడానికి ఏం మిగల్లేదు. ఆమె ఉల్లిపొట్టు బస్తా విప్పి ఏరుతూ కూర్చుంది. అతను నట్లు బిగిస్తున్నాడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

"ఏంట్రా అది?" అంది పిన్ని.

"ఏది?"

"ఆ గొణుగుడు."

"నట్లు లెక్కపెట్టుకుంటున్నా. ఎదురెదురుగా బిగించాలి కదా. ఒకటి, మూడు, రెండు, నాలుగు. షెడ్డులో అందరూ నవ్వుతారు. నాకు అలవాటు."

పిన్ని మెట్టు మీద నుంచి లేచి వచ్చి అతని పక్కన నిలబడింది. నాడి చూసేటప్పుడు నిలబడే తీరు అది.

"మళ్ళీ చెప్పు."

"ఒకటి, మూడు, రెండు, నాలుగు. ఒకటి, మూడు, రెండు, నాలుగు. నాలుగు, రెండు, మూడు, ఒకటి. రెండు, రెండు..."

"ఆగు. నట్లు నాలుగే కదరా?"

"నాలుగే."

"నాలుగు నట్లకి పద్నాలుగు దాకా వచ్చావు. పైగా ఒకే నట్టుని వరసగా రెండు సార్లు బిగిస్తావా? ముప్ఫై ఏళ్ళు ఊపిరులు లెక్కపెట్టినదాన్ని. నాకు చెప్పకు."

అతను చేతిలోని పానా వైపు చూశాడు. అది తనది కానట్టు చూశాడు.

టైలరమ్మ దిగ్గున లేచింది. ఒళ్ళో ఉన్న ఉల్లిపొట్టంతా నేల మీదికి జారిపోయింది. మగ్గానికి చట్రాలు నాలుగు. ఒకటి నుంచి నాలుగు దాకా నాన్న వాటికి అంకెలు వేసుకున్నాడు.

"ఎన్ని దాకా వస్తుందిరా నీకు?" అంది.

"తెలీదు. ఎప్పుడూ చివరి దాకా అనలేదు. చక్రం అయిపోతుంది కదా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. లోపల తాళం తీసిన శబ్దం వచ్చింది. తర్వాత అమ్మ వెనక గుమ్మంలో కనబడింది.

"లోపలికి రా," అంది కొడుకుతో.

"చేతులకి గ్రీజమ్మా."

"అది గ్రీజైతే పోతుంది. ఏమే, నీ సబ్బు తియ్యి."

పిన్నికి కావలసింది ఆ మాటే. పరుగున వెళ్ళి నూనె, నిమ్మచెక్క, సబ్బు, పాత బ్రష్షు పట్టుకొచ్చింది. ఇంట్లో పెళ్ళికైనా ఇంత హడావిడి చేసి ఉండదు. కొళాయి కింద అతని చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని గోటి గోటికీ తోమింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి బడికెళ్ళే పిల్లాడిలా నిలబడి తోమించుకున్నాడు.

"చర్మం ఉంచు పిన్నీ."

"మాట్లాడకు. తెల్ల దారం ముట్టుకోవాలి."

మూడుసార్లు తోమి, తన కొంగుతో తుడిచి, చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే కొంగు తడిగా ఉంది.

"ఇంక వీడికి సాకు లేదక్కా," అంది.

* * *

గడప దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు. టైలరమ్మ వీపు మీద చెయ్యి వేసింది, నెట్టలేదు. అతను లోపలికి వచ్చాడు. మగ్గం చుట్టూ తిరిగి వెనక వైపుకి వెళ్ళి, చిన్నప్పటి పీట కోసం చూశాడు. అది అక్కడే ఉంది. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

అమ్మ ముందు వైపు కూర్చుని, కొక్కెం పట్టుకుంది. సబ్బు వాసన వేస్తున్న చట్రాల్ని సరిచేసింది. ఆదివారం కోసం ముందే సిద్ధం చేసిన కొత్త పడుగు దారాలు వెనక నుంచి వేలాడుతున్నాయి. అతను ఒక్కో దారం తీసి అందిస్తూ అంకె చెప్పాలి. ఆవిడ ఆ అంకె చట్రంలోని కంట్లోంచి కొక్కెంతో లాగాలి. నలభై దారాలకొకసారి వరస మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ నలభై దొరికితే చాలు, మిగతాదంతా చాకిరీయే. వంతులేసుకుని చేసినా ఆదివారానికి అందుకోవచ్చు.

"ఒకటి," అన్నాడు.

అమ్మ లాగింది.

"మూడు."

లాగింది.

టైలరమ్మ పాత లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకుంటోంది. తొందరలో అంకెలు పిచ్చిగీతల్లా పడుతున్నాయి. పదో దారానికి అతని గొంతు కుదురుకుంది. పదిహేనుకి అంకెలకు ఒక పాటలాంటి ఊపు వచ్చింది. నాన్న గొంతులో కూడా అదే ఊపుండేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో నిద్రలోకి జారుకుంటూ ఆ లెక్క విన్నది తనే. ఇన్నేళ్ళూ దాన్ని మగ్గం చప్పుడనుకుంది.

"ఇరవై ఐదు. ఇరవై ఆరు," అని పిన్ని గుమ్మంలో నిలబడి వేళ్ళ మీద లెక్కపెడుతోంది. "ఇరవై ఏడు."

ఇరవై ఎనిమిదో దారం చేతిలోకి తీసుకుని అతను ఆగిపోయాడు.

అమ్మ చెయ్యి చాచి ఉంచింది.

"ఊఁ."

అతను దారాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మర్చిపోయావా?" అంది టైలరమ్మ మెల్లగా.

"మర్చిపోలేదక్కా. రెండున్నాయి." చట్రాల మధ్య నుంచి అతని కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. "ఇక్కడే ఆ రోజు గొడవైంది. నేను మూడన్నాను. నాన్న రెండన్నాడు. సగం మగ్గం ఎక్కించేశాం అప్పటికి, ఆరు వందల దారాలు. మొదట్నుంచీ మూడే అన్నాను. మొదట్నుంచీ తప్పే చెప్తున్నావన్నాడు. రెండు రోజుల పని లాగి పారేశాడు. దారం అందించడం కూడా చేతకాని చేతులు మగ్గానికి పనికిరావన్నాడు." ఊపిరి పీల్చుకున్నాడు. "మర్నాడే షెడ్డుకి వెళ్ళాను. ఇప్పుడు నా నోట్లో మూడే వస్తోంది. కానీ అది తప్పు కదా. రెండు రాసుకో. ఆయన చెప్పింది రాసుకో."

టైలరమ్మ పెన్ను కాగితం మీద పెట్టింది.

"రాయకు," అంది అమ్మ.

ఆవిడ చాచిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. కొక్కెం పక్కన పెట్టింది.

"మూడు," అంది.

"అమ్మా, నాన్న..."

"నువ్వు వెళ్ళిపోయాక ఆయన ఒక్కడే మళ్ళీ ఎక్కించాడు. రెండుతో. నేనే దారం అందించాను. జానెడు నేశాడు. చినుకు విరిగిపోయింది. ఒక పూటంతా దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ మొత్తం లాగేసి, నువ్వు చెప్పినట్టు మూడుతో ఎక్కించాడు." అమ్మ గొంతు తగ్గిపోయింది. "మిగతా వరస నాకు రాదురా. ఆ ఒక్క అంకె మాత్రం చచ్చినా మర్చిపోను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ కొసలకే ముడేసుకుంటూ నేశాడు. ఈ మగ్గం మీద నడిచిందంతా నువ్వు చెప్పిన లెక్కే."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టైలరమ్మ తమ్ముడి వైపు చూడలేక కాగితం వైపు చూసింది.

అతను దారం వదలకుండానే అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తానన్నాడు. నన్ను చెప్పొద్దన్నాడు. తండ్రిగా తనే చెప్పాలన్నాడు. నువ్వొచ్చిన ప్రతిసారీ లేచి ఆ వెనక గుమ్మం దాకా వచ్చేవాడు. ఏదో అడిగి వెనక్కి వచ్చేసేవాడు."

"బస్సులెలా ఉన్నాయి అనేవాడు."

"అవును."

"ప్రతిసారీ అదే."

"అవునురా."

"నేను నాన్న గురించి అడగట్లేదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని టైలరమ్మకు అనిపించింది. "ఆయన పోయి రెండేళ్ళు. వారం వారం వచ్చి ఆ మెట్టు మీద కూర్చున్నాను. నువ్వు అన్నం పెడుతూనే ఉన్నావు. నీకు తెలుసు కదా."

అమ్మ చట్రాల మధ్య నుంచి కొడుకునే చూసింది. తల తిప్పుకోలేదు.

"తెలుసు," అంది. "పోయిన మనిషి తప్పు చెప్పడానికి నోరు రాలేదు. నీ కంటే ఆయన్నే కాచుకున్నాను."

అమ్మ మళ్ళీ కొక్కెం తీసుకుని, మూడో చట్రంలో ఖాళీగా ఉన్న కంట్లోంచి దాన్ని అవతలికి పోనిచ్చి, అలాగే పట్టుకుంది. కొక్కెం కొస అవతల అతని వైపు ఆగింది.

దానికి బెత్తెడు దూరంలో, సబ్బుతో తోమిన రెండు వేళ్ళ మధ్య, ఇరవై ఎనిమిదో దారం ఇంకా అతని చేతిలోనే ఉంది.